లేని మొగుడి చావు

ఆ ఏడు కోతల కాలంలో నేనొక మొగుణ్ణి చంపాల్సి వచ్చింది. కంగారు పడకండి, ఆయన అసలు పుట్టనే లేదు. పుట్టినవాణ్ణి చంపడం ఎంత కష్టమో నాకు తెలియదు గానీ, పుట్టనివాణ్ణి చంపడానికి మాత్రం నాకు ఒక వేసవి మొత్తం పట్టింది.

అప్పటికి నేను వాన్ డీమెన్ దీవికి, అంటే ఇంగ్లండు తన దొంగల్ని ఓడెక్కించి పంపే భూమి అడుగు కొసకి, వచ్చి అయిదేళ్ళయింది. ఇంకా రెండేళ్ళ శిక్ష మిగిలి ఉంది. ఇంగ్లండులో, కార్న్‌వాల్ వైపు ఒక పాలవ్యాపారి ఇంట్లో పనిచేస్తూ రెండు దుప్పట్లు, ఒక వెన్నకుండ ఎత్తుకెళ్ళాను. ఎత్తుకెళ్ళలేదని నేనెప్పుడూ బుకాయించలేదు. ఆ ఇంటి చిన్నకొడుకు నన్ను పెళ్ళాడతానని మాటిచ్చి, నా కడుపు కనబడేసరికి మేనత్త ఊరికి పోయి కూర్చున్నాడు. ఆ సంగతి మీద మాత్రం ఏ కోర్టూ ఎవరినీ ఓడెక్కించలేదు.

ఇక్కడ నన్ను ప్రౌట్ అమ్మగారి పొలానికి వంటమనిషిగా ఇచ్చారు. ఆవిడ డెవన్ నుంచి సొంత ఖర్చుతో వచ్చిన మనిషి, మొగుడు పోయాక పొలం తనే చూసుకునేది. చక్కెర డబ్బాలో చెయ్యి పెడితే చూసీ చూడనట్టు పోయేది గానీ, అబద్ధమాడితే రెండు రోజులు మొహం చూసేది కాదు. నోరు చేదే, తిండి మాత్రం కడుపునిండా పెట్టేది. నాకు ఆ ఇల్లు బాగానే ఉండేది. నిజం చెప్పాలంటే పుట్టింటి కంటే బాగుండేది.

లేనిదల్లా నా కూతురు థర్జా. పది నెలల పిల్లప్పుడు నా ఒళ్ళోనే సముద్రం దాటింది. మూడో ఏడు రాగానే దాన్ని హోబర్ట్ పట్నంలోని అనాథల బడికి తీసుకెళ్ళారు. శిక్షలో ఉన్న తల్లుల పిల్లలందరూ అక్కడే. నేను నిక్షేపంలా బతికుండగానే నా కూతురు అనాథ అయింది. దాన్ని బయటికి తెచ్చుకోవాలంటే నా శిక్ష ముగియాలి, లేదా ఇల్లూ సంపాదనా ఉన్న మొగుడు నాకుండాలి. అంతకుముందు ఏడాది అమ్మగారి బండిలో పట్నం వెళ్ళినప్పుడు పావుగంట చూడనిచ్చారు. నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, గంట మోగగానే మర్యాదకి మోకాళ్ళు కాస్త వంచి, "సెలవండి, అమ్మగారూ" అని వెళ్ళిపోయింది. ఇంకో రెండేళ్ళు పోతే వీధిలో ఎదురుపడినా నన్ను పోల్చుకోదని ఆ రోజే నాకు అర్థమైంది. తిరుగుదారంతా ఏడ్చాను. అమ్మగారు గుర్రాన్ని నెమ్మదిగా తోలింది.

రూబెన్ స్లీ సంగతి ఇక్కడే చెప్పాలి. వాగు అవతల ముప్ఫై ఎకరాలు కౌలుకు చేసేవాడు. ఒక గొర్రెను దొంగిలించి ఈ దీవికి వచ్చి, పద్నాలుగేళ్ళ శిక్ష పూర్తి చేసుకుని, ఇప్పుడు సొంతంగా అరవై గొర్రెలను మేపుతున్నాడు. గడ్డికోతలకీ గోధుమకోతలకీ మా పొలానికి సాయం వచ్చేవాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య మనం పోయి పొయ్యి చూసుకుని రావచ్చు, అంత నిదానం.

నవంబరులో, గడ్డి కోస్తున్నప్పుడు, నేను టీ కుండ పట్టుకెళ్తే గడ్డివామి నీడన నిలబడి ఉన్నాడు.

"టామ్సిన్, నాకు ఇల్లుంది" అన్నాడు.

"చూశాను. కప్పు మీద ఒక పక్క రెల్లు లేచిపోయింది."

"పొయ్యి ఉంది. బాగానే రాజుకుంటుంది. దాని ముందు కూర్చునేవాళ్ళే లేరు."

"పిల్లిని పెంచుకో."

"పెంచాను. వెళ్ళిపోయింది."

నవ్వాపుకోలేక కుండ కింద పెట్టాను. ఆయన నవ్వలేదు. అప్పుడు నాకు విషయం అర్థమై, నవ్వు దిగమింగుకుని, "నాకో కూతురుంది" అన్నాను.

"తెలుసు. థర్జా. ఆరేళ్ళు. ఈపాటికి ముందుపళ్ళు ఊడుంటాయి."

ఆ పిల్ల పేరూ వయసూ ఆయనతో ఎప్పుడన్నానో నాకే గుర్తులేదు. ముందుపళ్ళ మాట నేను అసలు అనలేదు. దాన్ని చూసి ఏడాది దాటింది, ఊడే వయసు వచ్చిందని నాకే తట్టలేదు. ఆ ముందుపళ్ళ దగ్గరే నేను పడిపోయాను. మా ప్రేమకథ అంతే, ఇంకా ఏదో ఉందనుకుంటే లేదు.

శిక్షలో ఉన్న మనిషి పెళ్ళాడాలంటే గవర్నరుగారి అనుమతి కావాలి. అమ్మగారు మొహం ముడుచుకుంటూనే అర్జీ రాసింది. "పెట్టింది తినే వంటమనిషి నాకు దొరికిందనుకుంటే వాగు దాటి పోతుందట" అని సణిగింది. "వాగే కదమ్మగారూ, సముద్రం కాదు. పొద్దున్నే వచ్చి వండిపెట్టి పోతాను" అన్నాను. "చూద్దాం" అంది గానీ, అర్జీలో నా గురించి మంచిమాటలు నాలుగు ఎక్కువే రాసిందని రూబెన్ తరవాత చదివి చెప్పాడు.

క్రిస్మస్ ముందు వారం జవాబు వచ్చింది. వంటింట్లో పొయ్యి వేడి, బయట ఎండ వేడి, నేను పండగ కేకుకి ఎండుద్రాక్ష కోస్తున్నాను. అమ్మగారు కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం విప్పింది. చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ఒప్పుకోలేదు. నీకు ఇంగ్లండులో మొగుడున్నాడట. ఎవరే ఈ జాబెజ్ థోర్న్?"

ఆ పేరు విని అయిదేళ్ళయింది.

జాబెజ్ థోర్న్ నడిసముద్రంలో పుట్టాడు. నాలుగు నెలల ప్రయాణంలో మేము ఓడ పైభాగాన కూర్చుని అతుకుల బొంతలు కుట్టేవాళ్ళం. అప్పుడు గ్రిగ్స్ అనే ముసలామె, ఆమెకిది రెండో శిక్ష, మాకు పాఠాలు చెప్పేది. "ఒడ్డు చేరగానే గుమాస్తా ఓడెక్కి ఒక్కొక్కరినీ అడుగుతాడు. మొగుడున్నాడని చెప్పండి. మొగుడున్నదాన్ని మర్యాదస్తురాలని మంచి ఇంటికి పంపిస్తారు. చంకలో పిల్ల ఉన్నదానివి, నువ్వు తప్పకుండా చెప్పు. పిల్లకి ఇంటిపేరైనా దక్కుతుంది" అంది నాతో. ఇంకేముంది, పదిమందీ కలిసి నాకో మొగుణ్ణి తయారుచేశారు. ఒకామె పేరిచ్చింది. ఒకామె ఇళ్ళకి కప్పు నేసే పని ఇచ్చింది. ఐర్లండు పిల్ల నోరా ఎర్రగడ్డం పెట్టింది. నిజమనిపించడానికి ఎడమచేతి చిటికెనవేలు నేనే తీసేశాను. రోజంతా ఆయన గురించే మాట్లాడుకుని పడిపడి నవ్వాం. తరవాత గుమాస్తా అడిగితే గడగడా అప్పజెప్పాను. ఆయన ఊఁ కొట్టి రాసుకున్నాడు. అలా నా కూతురు థర్జా థోర్న్ అయింది.

ఇదంతా అమ్మగారికి చెప్పేశాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి, "అంటే ప్రభుత్వం పుస్తకంలో అబద్ధం రాయించావు" అని లేచి వెళ్ళిపోయింది. క్రిస్మస్ రోజు కూడా నాతో మాట్లాడలేదు. కేకు మాత్రం రెండుసార్లు వడ్డించుకుంది.

జనవరిలో గోధుమ పండింది. పన్నెండుమంది కోతగాళ్ళు, పొద్దుటినుంచీ రొట్టెలు కాల్చడం, మాంసం ఉడకబెట్టడం, ఊపిరి సలపని పని. ఆ సందట్లో రూబెన్ నాలుగు రోజులపాటు ఏదో ఆలోచించి, అయిదో రోజు నోరు విప్పాడు.

"లేడంటే నమ్మరు. చచ్చాడంటే నమ్ముతారు."

"ఎవరు?"

"మీ ఆయన. చంపేద్దాం."

పొరుగు పొలంలో ఒక ముసలాయన ఉండేవాడు. ఒకప్పుడు లండన్‌లో వకీలు దగ్గర గుమాస్తా, దొంగ సంతకాలు పెట్టి పట్టుబడి ఈ దీవికొచ్చి ఇరవై రెండేళ్ళు. రూబెన్ ఆయనకో గొర్రెతొడ ఇచ్చి, కార్న్‌వాల్ పాదిరిగారు రాసినట్టుగా ఒక చావు ఉత్తరం రాయించుకొచ్చాడు. చుట్టూ మసితో నల్ల అంచు గీసి, నల్ల లక్క అంటించి, చూస్తేనే గుండె జారిపోయేలా ఉంది. నాకు చదువు రాదు. మధ్యాహ్నం కోతగాళ్ళు నీడన నడుం వాల్చిన వేళ వంటింట్లో కూర్చుని రూబెన్ చదివి వినిపించాడు.

"మీ భర్త జాబెజ్ పోయిన జనవరి పదో తేదీన, కొత్త గోధుమగడ్డితో చర్చి కప్పు నేస్తుండగా, ఎండదెబ్బ తగిలి పైనుంచి పడిపోయి ప్రభువు సన్నిధికి చేరుకున్నాడు. చివరిమాటగా మిమ్మల్నీ మీ పాపనీ తలచుకున్నాడు. పొలాల్లో కోతగాళ్ళందరూ కొడవళ్ళు కింద పెట్టి, చెమట తుడుచుకుంటూ ఆయన శవపేటిక వెంట నడిచారు."

నాకు ఏడుపు ఆగలేదు. లేని మనిషి అని తెలుసు, వేలు తీసింది నేనే, అయినా ఆ కోతగాళ్ళు కొడవళ్ళు కింద పెట్టారనేసరికి కడుపులోంచి తన్నుకొచ్చింది. రూబెన్ ముక్కు చీదుకుని, "మంచివాడే పాపం" అన్నాడు.

గుమ్మంలో అమ్మగారు నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో ఏమో.

"జనవరిలో ఎండదెబ్బా?" అంది. "కార్న్‌వాల్‌లో?"

మేమిద్దరం ఆవిడ మొహం చూశాం. ఆవిడ ఏమంటోందో మాకు ఎక్కలేదు. కిటికీలోంచి బయటికి చూశాను. జనవరి. గోధుమ పసుపుపచ్చగా పండి ఉంది, కుప్పల మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. అంతా సరిగ్గానే ఉంది కదా అనుకున్నాను.

"అక్కడ జనవరి అంటే ఏంటే, మొద్దూ?"

అప్పుడు తట్టింది. అక్కడ జనవరి అంటే బావి మీద మంచుపెంకు. అక్కడ జనవరి అంటే పాలు పిండేముందు చేతులు ఆవు పొట్టకి ఆనించి వెచ్చచేసుకోవడం. రాసినవాడు ఇరవై రెండేళ్ళు, చదివినవాడు పద్నాలుగేళ్ళకి పైన, విన్నదాన్ని అయిదేళ్ళు ఈ నేల మీద గడిపి, ముగ్గురికి ముగ్గురమూ ఇంగ్లండు చలికాలాన్ని శుభ్రంగా మరిచిపోయాం. ముందు రూబెన్ నవ్వాడు. ఆయన నవ్వగా చూడ్డం అదే మొదలు. తరవాత నేను. ఊరు మరిచిపోయినందుకు బాధపడాలి కాబోలు అని కూడా అనిపించింది. ఎంత వెతికినా బాధ దొరకలేదు.

అమ్మగారు ఉత్తరం లాక్కుని పొయ్యిలో పడేసింది. "ఇది పట్టుకెళ్ళుంటే నిన్ను జుట్టు కత్తిరించి జైల్లో పడేసేవాళ్ళు. ఆ పిల్లని ఇక జన్మలో నీకిచ్చేవాళ్ళు కాదు. ముగ్గురు కలిసి ఒక్క అబద్ధం సరిగ్గా ఆడలేకపోయారు. ఇక నిజమే చెప్పండి, మీకు వేరే దారి లేదు."

"లేని మనిషి లేడని ఎవరు సాక్ష్యం చెప్తారమ్మగారూ?"

ఆవిడ కాలుతున్న ఉత్తరాన్ని కట్టెతో పొయ్యి లోపలికి తోసింది. "ఆ ఓడలో నీతో ఉన్నవాళ్ళు ఎవరూ ఈ చుట్టుపక్కల లేరా?"

నోరా ఉంది. ఊళ్ళో సత్రం వంటింట్లో పనిచేసేది. ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్ళాను. పెరట్లో బకెట్టు ముందు కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతోంది. నన్ను చూడగానే, "ఒసే, పెళ్ళికూతురా!" అని కేకేసింది. కబురు అప్పటికే పాకింది. నేను పక్కన కూర్చుని, ఒక దుంప తీసుకుని చెక్కుతూ, గవర్నరుగారి జవాబు సంగతి చెప్పాను.

"ఏ మొగుడే?"

"జాబెజ్ థోర్న్."

నోరా చేతిలో దుంప బకెట్లో పడింది. "మన జాబెజా?"

"మన అంటావేంటే?"

ఇక మొదలుపెట్టింది నవ్వడం. పొట్ట పట్టుకుని, గౌను కొసతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నా మొహం చూసి మళ్ళీ నవ్వడం. "నీ వెనక వరసలో నేనే కదే! గుమాస్తా నా వంక చూసేసరికి నోరెండిపోయింది. నువ్వు చెప్పిందంతా చెవుల్లో గింగురుమంటోంది. అదే అప్పజెప్పేశాను. పేరు, పని, ఎర్రగడ్డం."

"వేలు?"

"వేలు కూడా. లేదనే రాయించాను. నా వెనక సూకీ నిలబడింది. అది ఏం చెప్పిందో ఆ దేవుడికే తెలియాలి."

ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. తరవాత నవ్వు తగ్గి, దుంపలు చెక్కే చప్పుడు మిగిలింది. ఈస్టరుకి నోరాకి చీటీ వస్తుందని నాకు తెలుసు. ఆ చీటీ చేతికొస్తే ఎవరి దగ్గర కావాలంటే వాళ్ళ దగ్గర పని చూసుకోవచ్చు, జీతం అడగవచ్చు. తను కూడా అబద్ధం రాయించానని మేజిస్ట్రేటు ముందు ఒప్పుకుంటే ఆ చీటీ ఏమవుతుందో చెప్పలేం. నేను లేచి గౌను దులుపుకున్నాను.

"పోతున్నావా? అడగవేంటే?"

"ఏం అడగను, నోరా? నీకు ఈస్టరు దగ్గరికొచ్చింది."

"ఎవత్తె చెప్పింది నీకు నా ఈస్టరు గురించి ఆలోచించమని?" అని చాకు విసిరింది. "ఓడలో నీకు జ్వరమొచ్చి పద్దెనిమిది రోజులు పడుకుంటే ఆ పిల్ల ఎవరి ఒళ్ళో ఉంది? నాకున్న ఒక్క మంచి గౌనూ దాని పుణ్యాన పాడైంది. ఇంకా ఆ మరక పోలేదు. ఏ రోజు రమ్మంటావో చెప్పు."

వంగి దాని తలమీద ముద్దు పెట్టుకున్నాను. ఉల్లిపాయల వాసన.

మేజిస్ట్రేటు ఒకప్పటి సైన్యం మనిషి. కీళ్ళవాతం వచ్చిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చునేవాడు. నేను, నోరా, మా వెనక ఆదివారం టోపీ పెట్టుకుని అమ్మగారు. నాకు మొగుడు లేడని, ఎప్పుడూ లేడని చెప్పాను.

"మళ్ళీ పెళ్ళి కావాలనుకున్న ప్రతి ఆడదీ ఇదే చెప్తుంది" అన్నాడు.

నోరా ముందుకొచ్చింది. "దొరగారూ, ఆయన నాక్కూడా మొగుడేనండి."

ఆయన కాలు కదిపి, నొప్పికి మొహం చిట్లించి, "ఏమిటీ?" అన్నాడు. నోరా మొత్తం చెప్పింది. ఆయన నమ్మిందీ లేనిదీ తేల్చకుండా పట్నం కచేరీకి ఉత్తరం రాస్తానన్నాడు. ఆ ఓడ పుస్తకం అక్కడ ఉంటుంది.

రెండు వారాలు కోతలతో గడిచాయి. ఆ రెండు వారాలూ ఉప్పు రెండేసిసార్లు వేశాను, రొట్టెలు మాడ్చాను. కోతగాళ్ళు గొణిగితే అమ్మగారు, "నోరు మూసుకుని తినండి" అని కసిరింది. ఆవిడ కూడా ఆ మాడు రొట్టే తింది.

మళ్ళీ పిలుపొచ్చింది. మేజిస్ట్రేటు మొహం ఎర్రగా కంది ఉంది. నవ్వాపుకుంటున్నాడని తెలియడానికి నాకు కాసేపు పట్టింది. బల్లమీది కాగితం తీసి చదివాడు.

"ఆ ఓడలో వచ్చిన నలుగురు ఆడవాళ్ళకి మొగుడు జాబెజ్ థోర్న్. నలుగురికీ కప్పు నేసేవాడే. నలుగురికీ ఎర్రగడ్డం. ముగ్గురు చెప్పినదాంట్లో ఆయనకి ఎడమచేతి చిటికెనవేలు లేదు, నాలుగో ఆమె చెప్పినదాంట్లో చెయ్యే లేదు. ఒంటిచేత్తో కప్పెలా నేశాడమ్మా?"

"సూకీ అయ్యుంటుందండి, దొరగారూ" అంది నోరా. "దానికి ఎప్పుడూ కాస్త ఎక్కువే."

గుమాస్తా కూడా నవ్వాడు. మేజిస్ట్రేటు నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఇంకో కాగితం ముందుకు లాక్కున్నాడు. ఈసారి గొంతు మారింది.

"మరి పిల్ల మాటేమిటి? పుస్తకంలో థర్జా థోర్న్ అని ఉంది. మొగుడి పేరు కొట్టేస్తే ఆ పిల్ల పేరు పక్కన తండ్రి లేడని రాయాలి. పెళ్ళి కాకుండా పుట్టిన పిల్ల అని ఉంటుంది. నీ శిక్ష అయిపోయినా అది పోదు. రేపు పెద్దదై పెళ్ళికి నిలబడినా ఎవరైనా తీసి చూపించవచ్చు. కొట్టేయమంటావా?"

ఇది నాకు ముందే తోచి ఉండాల్సింది. మొగుణ్ణి చంపాలని తిరిగాను గానీ, వాడితోపాటు దాని తండ్రి కూడా పోతాడని ఆలోచించలేదు. గుమాస్తా కలం సిరాలో ముంచి పట్టుకున్నాడు. కొసన ఒక బొట్టు వేలాడుతోంది. వెనక అమ్మగారి ఊపిరి వినబడుతోంది.

"కొట్టేయండి" అన్నాను.

గుమాస్తా రాశాడు. ఎంతోసేపు పట్టలేదు.

ప్రభుత్వాన్ని తప్పుదారి పట్టించినందుకు నాకూ నోరాకీ చెరి మూడు రోజులు, నీళ్ళూ రొట్టే. నోరా చీటీ మూడు నెలలు వెనక్కి జరిగింది. అంతకంటే పడుతుందేమోనని భయపడ్డాం, బతికిపోయాం అనుకున్నాం. మేజిస్ట్రేటు అప్పుడే తీసుకెళ్ళమనేసరికి అమ్మగారు లేచి నిలబడింది.

"అయ్యా, పన్నెండుమంది కోతగాళ్ళకి దీన్ని జైల్లో పెట్టాక మీరొచ్చి వండిపెడతారా?"

కోతలు ముగిశాకే ఇద్దరం వెళ్ళాలని తీర్పు మారింది.

ఫిబ్రవరి ఆఖర్న ఆ మూడు రోజులూ గడిపాం. ఊళ్ళో రాతిగది, ఒకటే కిటికీ, బయట చల్లగాలి. అయిదేళ్ళలో నేను పని చెయ్యకుండా కూర్చున్న రోజులు అవే. రెండో రోజు అమ్మగారు రొట్టె పట్టుకుని వచ్చింది. కాపలావాడు, "లోపలేమీ లేదు కదమ్మా?" అని అడగడం మాకు వినబడింది. "రొట్టే" అంది ఆవిడ. విరిచి చూస్తే మధ్యలో దోసెడు వెన్న, ఒక మాంసం ముక్క. నోరా శిలువ గుర్తు వేసుకుంది. అబద్ధమంటే గిట్టని ఆవిడ ఆ రాత్రి నిద్రపోయిందో లేదో నాకు అనుమానమే.

ఈసారి గవర్నరుగారి అనుమతి వచ్చి, మార్చిలో మా పెళ్ళయింది. పెళ్ళయిన నాలుగో రోజే బండి కట్టుకుని హోబర్ట్ వెళ్ళాం. రూబెన్ పిల్లని ఇమ్మనే అనుమతి కాగితం చూపించాడు. ఒకామె లోపలికి వెళ్ళి థర్జాని తీసుకొచ్చింది. బూడిదరంగు గౌను, కురచగా కత్తిరించిన జుట్టు. ముందుపళ్ళు రెండూ లేవు. రూబెన్ నా వంక చూశాడు.

"నేను మీ అమ్మని" అన్నాను.

"అలాగేనండి, అమ్మగారూ" అంది.

దారిలో బండి మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎలా కూర్చోబెట్టామో అలాగే కూర్చుంది. ఆకలా అంటే లేదండి అంది. రొట్టె ఇస్తే తింది. చిలకల గుంపొకటి అరుచుకుంటూ నెత్తిమీదుగా పోతే తలెత్తి చూడొచ్చా అన్నట్టు మా మొహాలు చూసింది.

ఇంటికొచ్చాక కూడా అంతే. పిలిచిన పిలుపు పూర్తి కాకుండానే పరుగెత్తుకొచ్చి నిలబడేది. తిన్నాక గిన్నె తనే కడిగి పెట్టేది. పొద్దున నేను లేచేసరికి పక్క మడతపెట్టి, గోడకి వీపు ఆనించి, ఏదో గంట మోగాలన్నట్టు చూస్తుండేది. ఏడ్చింది లేదు, అడిగింది లేదు. మాట ఇచ్చినట్టే నేను రోజూ దాన్ని వెంటబెట్టుకుని వాగు దాటి అమ్మగారింట్లో వండేదాన్ని. మొదటి వారం ఆవిడ, "ఇంత బుద్ధిమంతురాలిని నేను చూడలేదు" అంది. మూడో వారం నన్ను పక్కకి పిలిచి, "టామ్సిన్, పిల్లకి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. నేనేం చెప్పను? నా ఇంట్లోనే ఉంది, నా పక్కనే పడుకుంటోంది, అయినా ఇంకా ఆ బడిలోనే ఉంది. రూబెన్ మాత్రం, "ఉండనీ" అనేవాడు. ఆ ఒక్క మాట అనడానికి కూడా ఆయనకి తొందర లేదు. దానికో కోడిపెట్టని ఇచ్చాడు. మోకాళ్ళు వంచి తీసుకుంది.

ఏప్రిల్లో ఒక ఆదివారం అమ్మగారు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఎండ ఇంకా గోరువెచ్చగా ఉంది. రూబెన్ కప్పు మీద కొత్త రెల్లు కప్పించాడు. అమ్మగారికి భోజనం వేళ దాటడం గిట్టదు. బల్లమీద మాంసం పులుసు పెట్టి, పొగలు కక్కుతుండగా గుమ్మంలోకి వచ్చి థర్జాని పిలిచాను.

రాలేదు.

వాగు వైపు పరుగెత్తాను. నీళ్ళ మధ్య రాయి మీద గౌను ఎత్తి దోపుకుని నిలబడి ఉంది. బూట్లు ఒడ్డున ఒకటి ఇటు, ఒకటి అటు. మోకాళ్ళ దాకా బురద. చేతిలో పుల్లతో నీళ్ళలో దేన్నో తరుముతోంది.

"థర్జా, భోజనానికి రా."

తల ఎత్తలేదు.

"థర్జా! అమ్మగారు కూర్చున్నారు. పులుసు చల్లారిపోతోంది."

"నేను రాను" అంది. "ఇది దొరికేదాకా రాను. నువ్వే పోయి తిను."

నేను అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాను. వెనకాల రూబెన్ వచ్చాడు, ఆయన వెనక టోపీ సర్దుకుంటూ అమ్మగారు. "పిలవనా?" అన్నాడు రూబెన్. నేను తల అడ్డంగా ఊపాను.

అమ్మగారు వాగులోకి చూసింది, బూట్లు చూసింది, నన్ను చూసింది. కసురుతుందనుకున్నాను. గౌను కూడదీసుకుని, కీళ్ళు పటపటమంటుండగా నా పక్కనే గడ్డిలో చతికిలబడింది.

"మొండిఘటం" అంది తృప్తిగా.

ఆ రోజు మా ఇంట్లో అందరం పులుసు చల్లారిపోయాకే తిన్నాం.